జర ఆగి మాట్లాడే రేడియో

మొన్న మా దుకాణంలో కంప్యూటర్ మొండికేసింది. బటన్ నొక్కి ఎదురింటి హోటల్లో చాయ్ తాగి వచ్చినా తెర ఇంకా నల్లగానే ఉండేది. ఒకప్పుడు నేను ఇదే జనగామలో రేడియోలు బాగుచేసేవాణ్ని. రేడియోల కాలం పోయాక జిరాక్సు మిషన్ పెట్టుకుని, వచ్చినవాళ్లకు దరఖాస్తులు నింపి పెడుతూ బతుకుతున్నాను. కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేదు. చూడ్డానికి వచ్చిన మెకానిక్ మూత విప్పి లోపల టార్చి వేసి చూశాడు.

"డబ్బా గట్లనే ఉండనీ సార్. స్క్రీను, కీబోర్డు గూడ అవే నడుస్తయ్. మదర్‌బోర్డు, ప్రాసెసర్ మారుస్తే చాలు. అవి గూడ సెకండ్‌హ్యాండ్‌ల సూస్త, తక్కువల అయితది" అన్నాడు.

"పైనుంచి చూస్తే తెలుస్తదా?" అని అడిగాను.

ఎవ్వరికీ తెలియదన్నాడు. నాకు మాత్రం నా మీద నాకే రోత పుట్టింది. ఆ ప్రశ్న నాది కాదు. నలభై ఏళ్లకు పైగా అయింది, ఒక మనిషి నా టేబుల్ ముందు కూర్చుని అచ్చం అదే గొంతుతో నన్ను అడిగిన ప్రశ్న అది. ఆయన పోయి కూడా చాలా కాలమైంది. పోయినప్పుడు నేను చూడ్డానికి వెళ్లలేదు. చచ్చిపోయిన ప్రతివాడూ రాత్రికి రాత్రే మహానుభావుడైపోవడం నాకు నచ్చదు. ఆయన్ని పొగిడే పని పెట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లనే చేసుకోనీ.

పేరు రాయను. అసలు లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊళ్లో ఆయన్ని పేరుపెట్టి పిలిచిన మనిషే లేడు. ముసలీ ముతకా అందరికీ ఆయన పటేలే. ఎండాకాలంలో కూడా ధోతి మీద నల్లకోటు వేసేవాడు. గొంతు సవరించుకోకుండా ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. ఆ సవరింపు వినగానే అవతలివాడు లేచి నిలబడాలని ఆయన ఉద్దేశం. చాలామంది నిలబడేవాళ్లు కూడా.

ఆయన గొప్పంతా అరుగు మీది రేడియోలో ఉండేది. టేకు చెక్క డబ్బా, తిప్పడానికి నాలుగు చెవులు, ముందు భాగంలో బంగారు రంగు జాలీ. దాని మీద ఆయన భార్య అల్లిన చిలకల గుడ్డ. పొద్దుగూకే వేళకు ఊళ్లో సగం మంది అరుగు మీదికి, కిందికి చేరేవాళ్లు. ఆయన వచ్చి, గుడ్డ మడిచి పక్కన పెట్టి, ఎద్దును చరిచినట్టు రేడియో పక్కన రెండు సార్లు చరిచి, చెవి తిప్పేవాడు. తిప్పి అరచెయ్యి పైకెత్తేవాడు.

"జర ఆగు. గదే మాట్లాడుతది."

అది వాల్వు రేడియో. లోపలి వాల్వులు, బల్బుల్లాంటి ఆ గాజు బుగ్గలు, ఎర్రబడి వేడెక్కితే గానీ గొంతు విప్పదు. దానికి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం ఆయన చెయ్యెత్తి నిలబడి ఉంటే, రేడియో ఆయన అనుమతి కోసం ఆగినట్టుండేది. మాట మొదలయ్యాక చెయ్యి దించేవాడు. వార్తల్లో మంత్రి పేరు వస్తే "వీడు నాకు ఎరుకే" అనేవాడు. ప్రతి మంత్రీ ఆయనకు ఎరుకే. వాళ్లలో ఒక్కడు కూడా మా ఊరి పొలిమేర తొక్కిన పాపాన పోలేదు. రేపు వాన పడుతుందని చెబితే, తానే మంజూరు చేసినట్టు అందరి వంకా ఒకసారి చూసేవాడు. వానాకాలంలో ఆ రేడియో నెత్తి వెచ్చగా ఉండేది కాబట్టి, తేమ పట్టిన అగ్గిపెట్టెలూ బీడీ కట్టలూ దాని మీద ఆరబెట్టుకునేవాళ్లు. ఎవరి అగ్గిపెట్టె ఎక్కాలో, ఎవరిది ఎక్కకూడదో కూడా పటేలే చెప్పేవాడు.

అరవై తొమ్మిదిలో నేను జనగామలో చదువుకుంటున్నాను. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు. తరగతులు లేవు, ఊరేగింపులే ఊరేగింపులు. ఒక రోజు పోలీసులు ఏడెనిమిది మందిని పట్టుకున్నారు. అందులో నేనూ ఉన్నాను. జమానతు నిలబడి నన్ను విడిపించడానికి భూమి పట్టా ఉన్న మనిషి కావాలన్నారు. మా నాయిన అరెకరం రైతు. పరుగున పోయి పటేలు అరుగు మెట్ల కింద నిలబడ్డాడు. అప్పుడే రేడియో పెట్టే వేళ అయింది.

"జర ఆగు" అన్నాడు పటేలు.

నాయిన ఆగాడు. రేడియో మాట్లాడింది. వార్తలు అయిపోయాయి. బాజారు ధరలు చెప్పారు. తర్వాత పాటలు వచ్చాయి. అవీ అయిపోయాయి. అప్పుడు పటేలు రేడియో కట్టేసి, గుడ్డ కప్పి, గొంతు సవరించుకున్నాడు.

"నీ కొడుకు తెలంగాణ కావాలన్నడు గదా. గా తెలంగాణనే వచ్చి ఇడిపిస్తది తీయి."

అరుగు మీద ఉన్నవాళ్లు నవ్వారు. నాయిన ఇంటికి వచ్చాడు. చివరికి జనగామలో బట్టలు కుట్టే ఒకాయన, ఇద్దరు పిల్లల తండ్రి, మాకు ఏమీ కాని మనిషి, తన ఇంటి కాయితాలు పట్టుకొచ్చి నాకు జమానతు నిలబడ్డాడు. ఆ ఏడాదే మేం ఊరు వదిలి జనగామకు వచ్చేశాం. నాయిన ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు. నేను మాత్రం ఆ ఒక్కసారి విన్నదాన్ని చాలా ఏళ్లు కడుపులో పెట్టుకుని మేపాను.

చదువు అక్కడే ఆగింది. మానుకోట స్టేషన్ దగ్గర ఒక ఉస్తాద్ దగ్గర రేడియో పని నేర్చుకుని, జనగామలో చిన్న దుకాణం పెట్టాను. అరవై తొమ్మిది వెళ్లి పదేళ్లయ్యేసరికి వాల్వులు దొరకడం కష్టమైంది, దొరికినా ధర మండేది. అందుకని డబ్బా పాతదే ఉంచి, లోపలి సరుకంతా పీకేసి, ట్రాన్సిస్టర్ బోర్డు బిగించి ఇచ్చేవాళ్లం. కొత్త రేడియో కొనలేనివాళ్లకు అదో దారి. ఇప్పుడు ఈ మెకానిక్ నా కంప్యూటర్‌కు చేస్తున్నది అదే పని.

ఒక రోజు పటేలు వచ్చాడు. గొంగడిలో చుట్టిన రేడియోను తానే చంకలో పెట్టుకుని బస్సు దిగి వచ్చాడు. మోసుకొచ్చే మనిషి లేడని నేను అప్పుడే గమనించాల్సింది. గమనించలేదు. ఆ నల్లకోటు చూడగానే నా కళ్లకు ఇంకేమీ కనిపించలేదు. కూర్చోమనకుండానే కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

భూములు కొంత సీలింగులో పోయాయని, మిగిలిన వాటిని కోర్టులు తింటున్నాయని ఊరంతా చెప్పుకునే మాటే. ఆయన మాత్రం కొత్తది కొనగలనని, కాకపోతే ఈ టేకు డబ్బా మీద మమకారమని చెప్పాడు. వచ్చేముందు మానుకోటకు పోయి మా ఉస్తాద్‌ను ధర అడిగి, అది ఎక్కువనిపించి నా దగ్గరికి వచ్చాడు. అన్నిటికన్నా చిన్న బోర్డు, అన్నిటికన్నా తక్కువ ధరది వేయమన్నాడు. స్పీకరు పాతదే, చెవులు పాతవే. దానికి కూడా సగం పైసలే ఇచ్చి, మిగతా సగానికి మొగుళ్లపల్లి బామ్మర్ది చెట్టుదని ఒక చింతపండు మూట బల్ల మీద పెట్టాడు. ఇచ్చేటప్పుడు మాత్రం ఏదో ఇనాం ఇస్తున్నట్టు మొహం పెట్టాడు.

"పైనుంచి చూస్తే తెలుస్తదా?" అన్నాడు.

తెలియదన్నాను.

"ఊళ్లె ఎవ్వరికి తెల్వద్దు. పటేలు రేడియోల డొల్ల బోర్డు ఉన్నదని తెలిస్తె, రేపటి సంది నా అరుగు ఎవడు ఎక్కడు. మనూరోనివని నీ తానికి వచ్చిన. నోట్లకెంచి మాట రావద్దు."

"సరే పటేలా" అన్నాను.

లేచేటప్పుడు నా వంక చూసి, "మీ నాయిన మంచోడు. నా అరుగు కాడ నిలవడి రేడియో ఇనేటోడు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కొడుకు జైల్లో ఉంటే జమానతు కోసం నిలబడ్డ మనిషి, ఈయన జ్ఞాపకంలో రేడియో వినడానికి వచ్చిన మనిషి అయ్యాడు. గుర్తుండి తిట్టినా బాగుండేది.

అరచేతి వెడల్పు బోర్డు బిగించాను. అంత పెద్ద డబ్బాలో అది ఒక మూలకు అంటుకుని ఉంది. మిగతాదంతా ఖాళీ. ఆ మనిషికి అది సరిగ్గా సరిపోయిందనుకుని, ఆ రోజంతా హుషారుగా ఉన్నాను.

మూడో రోజుకల్లా రేడియో మళ్లీ నా బల్ల మీద ఉంది. ఏం చెడిందని అడిగాను. ఆయన డబ్బా నెత్తి మీద నా చెయ్యి పట్టి ఆనించాడు.

"సూడు, సల్లగున్నది."

ట్రాన్సిస్టర్ బోర్డు వేడెక్కదని, అదే దాని గొప్ప అని చెప్పాను. ఆయన వినలేదు. అగ్గిపెట్టెలు ఆరడం లేదట. ఇద్దరు ముగ్గురు నెత్తి తడిమి చూసి రేడియో చచ్చిపోయిందా అని అడిగారట. అంతకన్నా ఘోరం, చెవి మీది నుంచి చెయ్యి తీయకముందే ఒర్రుతున్నదట.

"గట్ల మాట్లాడేది కైకిలి చేసే కూలోళ్ల డబ్బ. నాది జర ఆగి మాట్లాడాలె" అన్నాడు.

జనం వేగంగా మాట్లాడే రేడియో కోసం పైసలు పెడతారు. ఈయన ఆలస్యం కోసం వచ్చాడు. నవ్వు ఆపుకోవడానికి నేను బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాను. కానీ పని అంటే నాకు పిచ్చి. చేయలేనని చెప్పడం చేతకాదు. పాత వాల్వుల్లో ఇంకా ప్రాణమున్న ఒకదాన్ని ఏరి, కొత్త బోర్డుకు పోయే కరెంటు ఆ బుగ్గలోంచే పోయేట్టు కలిపాను. అది వేడెక్కేదాకా బోర్డుకు కరెంటు అందదు. కాస్త ఎర్రటి వెలుగు, కాస్త వెచ్చదనం, అర నిమిషం ఆలస్యం, అన్నీ తిరిగొచ్చాయి. నా చేతిలో పుట్టిన పనుల్లో అంత తెలివైనది ఇంకోటి లేదు. అంత పనికిమాలినది కూడా ఇంకోటి లేదు.

పరీక్షించమన్నాను. రెండు సార్లు చరిచి చెవి తిప్పాడు. ఖాళీ దుకాణంలో చెయ్యి పైకెత్తి, "జర ఆగు. గదే మాట్లాడుతది" అన్నాడు. అది మాట్లాడింది. ఆయన పళ్లు నేను చూడడం అదే మొదటిసారి. రెండో పనికి కూలి ఇవ్వలేదు, ఇంకో చింతపండు మూట ఇచ్చాడు.

నోరు జారిందని చెప్పుకోవడం తేలిక. నాది జారలేదు. తెలిసే చెప్పాను. మా దుకాణంలో ఒక బెంచీ ఉండేది. పొద్దున చాయ్ వేళకు నలుగురు కూర్చునేవాళ్లు. ఒక రోజు అందులో మా ఊరి గౌండ్ల సోమయ్య కూడా ఉన్నాడు, తన చిన్న రేడియో బాగు చేయించుకోవడానికి వచ్చాడు. అతను ఉన్నాడని చూసే మొదలుపెట్టాను. గొంతు సవరించుకోవడం, డబ్బాను చరవడం, చెయ్యెత్తడం, అన్నీ నటించి చూపించాను. లోపల బోర్డు ఎంత ఉందో అరచెయ్యి చాపి చూపించాను. రేడియో వెంటనే మాట్లాడకుండా ఉండడానికి కష్టపడి బుగ్గ పెట్టించుకున్న మనిషి కథ విని బెంచీ మీదివాళ్లు చాయ్ ఒలకబోసుకున్నారు. అందరికన్నా ఎక్కువ సోమయ్యే నవ్వాడు. తర్వాత కూడా ఎవరు కూర్చున్నా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ పటేలు కొంచెం చిన్నవాడయ్యేవాడు, నాకు కొంచెం హాయిగా ఉండేది.

నెల దాటాక సోమయ్య మళ్లీ వచ్చాడు. ఊళ్లో తమాషా చెబుతానని నవ్వుతూనే మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం పటేలు చెవి తిప్పి చెయ్యెత్తగానే, వెనక నుంచి ఎవరో "పటేలా, ఉడికిందా?" అని అడిగారట. అరుగంతా పకపకా నవ్విందట. మర్నాడు ఇంకొకడు, రేడియో మీద నాలుగు బియ్యం కూడా పెడితే అన్నం అవుతుందేమో అన్నాడట. తర్వాత వచ్చేవాళ్లు తగ్గారు. అందరి ఇళ్లలో చిన్నవో పెద్దవో రేడియోలు ఉండనే ఉన్నాయి, రావాల్సిన అవసరం ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఆయన ఒక్కడే పెట్టుకుని, ఒక్కడే వింటున్నాడట.

అవసరం లేనప్పుడు ఇన్నాళ్లూ ఎందుకు పోయినట్టు అని అడిగాను.

సోమయ్య మొహంలో నవ్వు పోయింది.

"గా అర నిమిషమే గదనే అన్న, ఆయన మాతోని మాట్లాడేది. రేడియో గరమయ్యేదాక ఒక్కొక్కని దిక్కు సూసి, సోమయ్య తిన్నవా, నీ బర్రె ఈనిందా, మీ అవ్వ కాలు ఎట్లున్నది, అని అడుగుతుండె. వార్తలు మొదలైనంక ఎవలు ఆయన మొకం సూసెటోళ్లు? మిగిలిన పొద్దంత ఆయన ఇంట్లకు పోయేటోడు లేడు, పలకరిచ్చేటోడు లేడు. నాకు ఇంట్ల రేడియో ఉన్నది. అయినా పోయేది."

ఇప్పుడు నువ్వు కూడా పోవడం లేదా అన్నాను.

"ఏం మొకం వెట్టుకోని పోవాలె. ఉడికిందా అన్నది నేనే" అన్నాడు.

చిన్నప్పుడు నేను ఎన్నోసార్లు ఆ అరుగు కింద నిలబడ్డాను. ఎత్తిన చెయ్యే చూశాను. ఆ చెయ్యి కింద ఆయన ఎవరినైనా పలకరించేవాడేమో నాకు గుర్తు లేదు, లేదా గుర్తుంచుకోవడం ఇష్టం లేకపోయింది.

ఇంటికి పోయి నాయినకు చెప్పాను. నవ్వుతాడని కాదు, తప్పేం లేదు అంటాడని. అనడానికి అందరికన్నా హక్కున్నవాడు ఆయనే. నాయిన తింటున్న పళ్లెం పక్కకు జరిపాడు.

"ఆయన నన్ను నిలవెట్టిండు. నేను నిలవడ్డ. గది నాకు, ఆయనకు. నువ్వు చెప్పనని మాటిచ్చి చెప్పినవ్. గది నీది."

ఆ తర్వాత వారానికో పది రోజులకో పటేలు వచ్చాడు. అదే గొంగడి, అదే రేడియో. కోటు లేదు. తిడతాడని సిద్ధంగా ఉన్నాను. తిడితే మా నాయిన సంగతి ఎత్తుదామని మాటలు కూడా పేర్చి పెట్టుకున్నాను. ఆయన గొంతు సవరించుకోలేదు. కూర్చో పటేలా అని నేను అన్నాకే కూర్చున్నాడు. ఎదురుగా ఖాళీగా ఉన్న బెంచీ వంక చూశాడు.

"శాన మంది కూసుంటరా ఈడ?"

పొద్దున పూట కూర్చుంటారని చెప్పాను. తల ఊపాడు. అంతకు మించి ఒక్క మాట అడగలేదు. పేర్చి పెట్టుకున్న మాటలు నా నోట్లోనే ఉండిపోయాయి.

"గా బుగ్గ తీసెయ్" అన్నాడు. "కరెంటు శాన గుంజుతున్నది."

ఆ బుగ్గ తినే కరెంటు ఎంతో నాకు తెలుసు. ఆయనకు కూడా తెలుసనుకుంటాను. ఉండనీ పటేలా, వెచ్చగా ఉంటుంది కదా అన్నాను. ఆ మాట నేనే అన్నానంటే నాకే నమ్మకం కుదరలేదు. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. బుగ్గ ఊడదీసి, బోర్డుకు కరెంటు నేరుగా అందేట్టు రెండు తీగలు అతికాను. ఎంత మెల్లగా చేసినా చాయ్ తాగేంత సేపు పని కూడా కాలేదు. కూలి వద్దన్నాను. ఉత్తగా చేయించుకునే గతి ఇంకా పట్టలేదని చెప్పి పైసలు పూర్తిగా బల్ల మీద పెట్టాడు. ఈసారి చింతపండు లేదు.

ఆ మనిషిని నేను క్షమించానని రాస్తే అబద్ధం. మెట్ల కింద నాయిన నిలబడ్డ సాయంత్రం ఇవాళ్టికీ నాకు మండుతూనే ఉంటుంది. అహంకారి, పీనాసి, తన గొప్ప తప్ప ఇంకోటి పట్టనివాడు. ఇందులో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను.

పరీక్షించి చూసుకోమని రేడియోను ఆయన వైపు తిప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు. పక్కన రెండు సార్లు చరిచి, చెవి తిప్పి, ఎప్పటిలాగే అరచెయ్యి నా వంక ఎత్తాడు.

"జర ఆగు" అన్నాడు.

అప్పటికే వార్తలు సగం వాక్యంలో ఉన్నాయి. ఆయన మాట అందులో కలిసిపోయింది. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు మెల్లగా దించి రేడియో నెత్తి మీద ఆనించుకున్నాడు. అది చల్లగా ఉంటుంది. పదేళ్లుగా నేను చూడాలనుకున్నది సరిగ్గా ఇదే. చూడలేక తల దించుకుని, చల్లారిన వాల్వును గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను.